సగం మాట చాలన్న మీట

కమాండ్ లైన్ మీద పనిచేసేవాళ్లను కాసేపు గమనించండి. ఏ పేరునూ చివరిదాకా టైపు చేయరు. రెండు మూడు అక్షరాలు కొట్టి ట్యాబ్ మీట నొక్కుతారు. మిగతాది యంత్రమే పూరిస్తుంది. ఈ సదుపాయం వయసు యాభై ఏళ్లు దాటింది. ఏ మాటతో పూరించాలన్న నిర్ణయం మొదట వ్యవస్థను కట్టినవాళ్లది. అది వాడేవాళ్ల చేతికి రావడానికి పాతికేళ్లకు పైనే పట్టింది.

కథ కాలిఫోర్నియాలోని బర్క్లీలో మొదలవుతుంది. ఎస్‌డీఎస్ 940 కంప్యూటరును పలువురు ఒకేసారి వాడుకునేలా 1960ల్లో అక్కడి విశ్వవిద్యాలయం ఒక వ్యవస్థను తయారుచేసింది. కొట్టిన అక్షరాలు ఒకే ఒక్క ఆజ్ఞకు సరిపోయాయంటే చాలు, అది అడక్కుండానే మాటను పూర్తిచేసేది. ఒక అక్షరం తప్పు పడిందా, కోరని ఆజ్ఞ వచ్చి కూర్చునేది. పైగా ఆజ్ఞలు కొట్టడానికి ఆనాడు వాడిన మోడల్ 33 టెలిటైప్ సెకనుకు 10 అక్షరాలే అచ్చువేసేది. కాగితం మీద పడిన అక్షరాన్ని చెరిపే దారి లేదు.

ఈ చిక్కు విప్పింది మసాచుసెట్స్‌లోని బోల్ట్ బెరానెక్ అండ్ న్యూమన్ సంస్థ. అక్కడి డాన్ బోబ్రో, జెర్రీ బర్చ్‌ఫీల్, డాన్ మర్ఫీ, రే టామ్లిన్సన్ పీడీపీ-10 కంప్యూటర్ కోసం రూపొందించిన టెనెక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ గురించి 1972లో వ్యాసం ప్రచురించారు.   బర్క్లీ పద్ధతిలో వీళ్లు ఒక ముఖ్యమైన మార్పు చేశారు. ఎస్కేప్ మీట నొక్కితేనే మాట పూర్తవుతుంది, లేకపోతే యంత్రం ఊరుకుంటుంది. ఈ మొత్తం చరిత్రలో నేను అన్నిటికన్నా గౌరవించే నిర్ణయం ఇది. తెలిసినా సరే, మనిషి అడిగేదాకా ఆగమని యంత్రానికి నేర్పారు. నేటి ఫోన్లు మన మాటలను అడక్కుండా దిద్దేస్తున్నప్పుడల్లా దాని విలువ ఇంకా బాగా తెలుస్తుంది.

టెనెక్స్ వారసుడు టాప్స్-20 ఒక అడుగు ముందుకు వేసింది. మాట పూరించే పనిని ఆపరేటింగ్ సిస్టమ్‌లోనే పెట్టింది. ఇక్కడ ఫైలు పేరు రావాలి, ఇక్కడ అంకె రావాలి అని ఏ ప్రోగ్రామైనా దానికి చెప్పుకోవచ్చు. ఏం రాయాలో తోచకపోతే ప్రశ్నార్థకం కొడితే చాలు, వీలున్నవన్నీ చూపేది.

యూనిక్స్ దారి వేరు. అక్కడ మన ఆజ్ఞలను అందుకునే షెల్ కూడా మామూలు ప్రోగ్రామే. మనం కొట్టిన మాటలను అసలు ప్రోగ్రామ్‌కు అందించి పక్కకు తప్పుకుంటుంది. వాటి అర్థం దానికి తెలియదు. అందుకే కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో కెన్ గ్రీర్ 1975లో మొదలుపెట్టి, 1981 డిసెంబరులో సీ షెల్‌కు జోడించిన టెనెక్స్ తరహా కోడ్ ఫైళ్ల పేర్లను మాత్రమే పూరించేది. 1983లో ఆయన దాన్ని అందరికీ పంచారు. అదే టీసీషెల్‌గా పెరిగింది.

షెల్‌కు మాటల అర్థం తెలియకపోవడమే చివరికి మేలు చేసింది. తెలియనిదానికి ఎవరో ఒకరు నేర్పాలి. ఆ పని వాడేవాళ్లకే అప్పగించారు. 1990లో ప్రిన్స్‌టన్ విద్యార్థి పాల్ ఫాల్‌స్టాడ్ రాసిన జీషెల్, దాంతోపాటు టీసీషెల్ ఈ దారిలో ముందు నడిచాయి. 2000లో బ్యాష్ అనే షెల్ 2.04 వెర్షన్‌తో ఈ వీలు అత్యధికులకు అందింది.

నేర్పడం ఎలాగో దగ్గర్నుంచి చూద్దాం. బ్యాకప్ తీసే స్క్రిప్టు ఒకటుంది, దానికి డైలీ, వీక్లీ, రిస్టోర్ అనే మూడు మాటలే తెలుసు అనుకుందాం. బ్యాష్‌లో కంప్లీట్ ఆజ్ఞకు డబ్ల్యూ ఆప్షన్‌తో ఆ మూడింటినీ, చివర స్క్రిప్టు పేరునూ ఇచ్చి, ఆ ఒక్క లైనును బ్యాష్ఆర్‌సీ ఫైల్లో రాసుకుంటే పని అయిపోయినట్టే. కొత్త టెర్మినల్ తెరిచి స్క్రిప్టు పేరు తర్వాత 'ఆర్' కొట్టి ట్యాబ్ నొక్కితే రిస్టోర్ వచ్చేస్తుంది.

మాటలు రోజుకో రకంగా మారుతుంటే మాత్రం ఫంక్షన్ రాయాలి. ట్యాబ్ నొక్కగానే బ్యాష్ అప్పటిదాకా కొట్టిన మాటలను కాంప్‌వర్డ్స్ అనే వరుసలో పేర్చి, కర్సర్ ఎన్నో మాట దగ్గరుందో కాంప్‌సీవర్డ్‌లో రాసి ఆ ఫంక్షన్‌ను పిలుస్తుంది. ఫంక్షన్ తగిన మాటలను కాంప్‌రిప్లైలో వేస్తుంది. ఒక్కటే ఉంటే బ్యాష్ పూరించేస్తుంది. ఎక్కువుంటే, వాటన్నిటికీ ఉమ్మడిగా ఉన్న అక్షరాల దాకా పూరించి ఆగుతుంది. మళ్లీ నొక్కితే జాబితా వేస్తుంది. షాన్ పియర్స్ 2006లో గిట్ అనే వెర్షన్ కంట్రోల్ సాధనం కోసం మొదలుపెట్టిన స్క్రిప్టు నడిచేది ఇలాగే. గంట కిందట పుట్టిన బ్రాంచి పేరునైనా పట్టుకుంటుంది, ఎందుకంటే ట్యాబ్ నొక్కిన క్షణంలోనే వెళ్లి గిట్‌ను అడుగుతుంది.

ఇలాంటి ఫంక్షన్లను ఇయాన్ మెక్‌డొనాల్డ్ బ్యాష్-కంప్లీషన్ పేరుతో ఒకచోట చేర్చసాగారు. అవి వందలకు పెరిగాక, టెర్మినల్ తెరిచిన ప్రతిసారీ అన్నిటినీ చదవడం భారమైంది. బ్యాష్ 4.1లో దానికి ఉపాయం దొరికింది. ఆజ్ఞకు సొంత ఫంక్షన్ లేకపోతే ఒక ఉమ్మడి ఫంక్షన్ నడుస్తుంది. అది కావలసిన ఫైలును అప్పటికప్పుడు లోడ్ చేసి 124 అనే అంకెను తిరిగిస్తుంది. మళ్లీ మొదటినుంచి ప్రయత్నించమని బ్యాష్‌కు అదే సూచన. 2005లో వచ్చిన ఫిష్ షెల్‌లోనైతే, మాన్యువల్ పేజీలను చదివి ఆప్షన్లను తనంతట తానే పోగుచేసుకునే ఏర్పాటు కూడా ఉంది.

ఫైళ్లకు తెలుగులో పేర్లు పెట్టుకునేవారికీ ట్యాబ్ పనికొస్తుంది. యూనికోడ్‌లో గుణింతపు గుర్తు హల్లు తర్వాత విడి అక్షరంగా నిలుస్తుంది. కాబట్టి కడప, కాకినాడ, కృష్ణా, కోనసీమ అనే ఫైళ్లుంటే, ఏదైనా ఆజ్ఞ తర్వాత ఒక్క 'క' కొట్టి ట్యాబ్ రెండుసార్లు నొక్కండి. నాలుగూ తెర మీదికి వస్తాయి. 'కా' కొట్టి నొక్కితే నేరుగా కాకినాడే.