పాట కనిపించిన రోజులు

ప్రత్యేక సంచికకు పాత రోజుల చరిత్ర ఏదైనా వ్రాయమని సంఘ కార్యదర్శిగారు కోరారు. జి.ఓ.ల గురించి, పే రివిజన్ల గురించి వ్రాసే పెద్దలు చాలామంది ఉన్నారు. నేను డాన్సు పాటల గురించి వ్రాస్తున్నాను. ఈ వయసులో ఇదేమి బుద్ధి అనుకోక చివరిదాకా చదువ ప్రార్థన.

మన తరానికి పాట ముందు చెవికే చేరింది. మొదట రేడియో సిలోన్, 1963 నుండి విశాఖపట్నం ఆకాశవాణి. పాటను కంటితో చూడాలంటే సంతబొమ్మాళి వైపు నుండి టెక్కలికో, పలాసకో సినిమాకు పోవలసిందే. 1971లో ‘దసరాబుల్లోడు’ను అక్కినేని వారి స్టెప్పుల కోసం నేను నాలుగుసార్లు చూశాను. చదువు చెడగొట్టుకుంటున్నానని మా నాన్నగారు పెట్టిన చీవాట్లు ఇంకా చెవిలోనే ఉన్నాయి.

అమెరికాలో రోజంతా పాటలే చూపే ఎం.టీవీ 1981 ఆగస్టు 1న మొదలయింది. అక్కడ పాట కోసం ప్రత్యేకంగా వీడియో తీయవలసి వచ్చేది. 1983 డిసెంబరులో వచ్చిన మైకేల్ జాక్సన్ ‘థ్రిల్లర్’ సుమారు 14 నిమిషాల చిన్న సినిమాయే. మనకు ఆ అవసరం లేకపోయింది. పాట, నాట్యం, దుస్తులు అన్నీ మన సినిమాలోనే సిద్ధంగా ఉండేవి. సినిమా నుండి పాటను విడదీసి చూపితే అదే వీడియో. దూరదర్శన్ చేసినది అదే. హిందీలో ‘చిత్రహార్’, తెలుగులో శుక్రవారం సాయంత్రం ‘చిత్రలహరి’.

1982లో రంగుల ప్రసారాలు, 1983లో ఇన్సాట్-1బి ఉపగ్రహం వచ్చాక చిన్న పట్టణాలలోనూ రిలే కేంద్రాలు వెలిశాయి. వాటిలో చాలావాటికి మొదట ఢిల్లీ కార్యక్రమాలే అందేవి. భాష తెలియకపోయినా జనం ‘చిత్రహార్’ చూశారు. హైదరాబాదు కార్యక్రమాలు తరువాత వచ్చాయి. మన ఉద్దానంలో సముద్రపు గాలికి యాంటెన్నా తిరిగిపోతే ఒకరు వెదురు గడ పట్టుకొని తిప్పడం, లోపలివారు “వచ్చింది, వచ్చింది” అని కేకలు వేయడం మీకందరికీ జ్ఞాపకమే. పెళ్ళిళ్ళకు, అమ్మవారి సంబరాలకు వీడియో అద్దెకు తెచ్చి, తెల్లవార్లూ సినిమాలు వేసేవారు.

1985లో చిరంజీవి ‘దొంగ’లో ‘థ్రిల్లర్’ ఒరవడిలో దయ్యాల నడుమ నృత్యం వచ్చింది. 1987లో ‘పసివాడి ప్రాణం’తో బ్రేక్ డాన్సు పల్లెపల్లెకూ పాకింది.

ఇక నా సంగతి. 1990 ప్రాంతంలో నేను గుమాస్తాగా పనిచేసిన ఊళ్ళో అందరి కోసం ఒక టీవీ ఉండేది. దాని పెట్టె తాళంచెవి నా దగ్గరే. అది ఇచ్చింది వ్యవసాయ కార్యక్రమాల కోసం, వార్తల కోసం. శుక్రవారం నాడు మాత్రం ఉప్పు మడుల్లో పని ముగించుకొని కూలీలు పిల్లలతో సహా వచ్చేవారు. ముందు వరుస ఉద్యోగులది. వారు కిటికీ ఊచలు పట్టుకొని బయటి నుండి చూసేవారు.

ఒక శుక్రవారం పన్నెండేళ్ళ గుంటడొకడు వాకిట్లో టీవీ చూస్తూ బ్రేక్ డాన్సు మొదలుపెట్టాడు. చేతులు మరబొమ్మలా విరుస్తూనే, మధ్యలో తప్పెటగుళ్ళ వారిలా ఎగిరి గిరికీలు కొట్టాడు. ఎవరూ నేర్పని కలయిక అది. జనం ఈలలు వేశారు. నాకు కోపం వచ్చి, “ఇది సర్కారు టీవీ, గంతులకు కాదు” అని పెట్టెకు తాళం వేశాను. “ఒక్క పాట సూసి ఎలిపోతాం బాబూ” అని వాడి తల్లి బతిమాలినా వినలేదు. మరుసటి శుక్రవారం వారెవరూ రాలేదు. తక్కిన రోజుల్లో వ్యవసాయ కార్యక్రమానికి కూడా జనం తగ్గిపోయారు.

1995 ఆగస్టు 27న ఈటీవీ వచ్చింది. ఊళ్ళలోకి కేబుల్ పాకింది. ఎవరి టీవీ వారిదయింది. నా తాళంచెవికి పని లేకుండా పోయింది.

మొన్న మా మనవడు సెల్‌ఫోనులో ‘దొంగ’ నృత్యం చూపించి, “తాతయ్యా, దీన్ని విదేశాల వాళ్ళు కూడా ఎగబడి చూశారు, తెలుసా?” అన్నాడు. అప్పుడు ఈ కథ చెప్పాను. “ఆ అబ్బాయి పేరేమిటి తాతయ్యా?” అని అడిగాడు. ముప్పై ఏళ్ళకు పైగా రిజిస్టర్లు వ్రాసిన నేను ఆ పేరు అడిగి తెలుసుకోలేదు. మా నాన్నగారు నన్ను తిట్టారు గాని, సినిమాహాలు తలుపు మూయించలేదు. నేను మూశాను.

మిత్రులారా, మనవల పాటలు మనకు రుచించకపోతే పోనీయండి. పక్కన కూర్చొని ఒక పాట చూడండి. మీ ఊరికి మొదటి టీవీ ఏ సంవత్సరం వచ్చిందో, దాని ముందు ఎవరు కూర్చున్నారో, ఎవరు బయట నిలబడ్డారో గుర్తున్నంత వరకు వ్రాసి మన పత్రికకు పంపండి. అదీ చరిత్రే.