శైశవపుష్టి – వయోజనారోగ్యము

పసిబిడ్డ బొద్దుగా నున్నచో ఇంటిల్లిపాదియు సంతోషించుట మన కుటుంబములలో తరతరముల వాడుక. “బిడ్డ చిక్కినాడే” అన్న మాట తల్లికి నిందవంటిది. ఈ యభిప్రాయ మెట్లు పుట్టినది, నేటికిని అది యెంతవరకు చెల్లును అను విషయము చరిత్రదృష్టితో విచారింపదగినది. ఏలయన, చోళపురము, రాజపాళయము ప్రాంతములందు స్థిరపడిన మన తెలుగు ఇండ్లలో చక్కెరవ్యాధి, రక్తపుపోటు అను మాటలు వినబడని యిల్లు నేడు అరుదు.

మన పూర్వులు కరువు లెరిగినవారు. 1876–78 నాటి మహాక్షామము చెన్నపురి రాజధానిని పీడించినప్పుడు, పనిచేయు పురుషునకు రోజునకు ఒక పౌను ధాన్యమును స్వల్పమైన రొక్కమును చాలునని సర్ రిచర్డ్ టెంపుల్ నిర్ణయించెను. ఆ కూలితో మనిషి నిలువజాలడని ఆరోగ్యశాఖాధికారి కార్నిష్ గట్టిగా వాదించెను. అట్టి రోజులలో బిడ్డ యొంటిమీది కండయు క్రొవ్వును ప్రాణమునకు పెట్టుబడి. బొద్దుబిడ్డను మెచ్చుకొన్న అవ్వల మాట ఆనాటి అనుభవమునుండి వచ్చినదే కాని వట్టి మురిపెము కాదు.

మనిషికి ఎంత ఆహారము చాలునను ఆ ప్రశ్న పిదప శాస్త్రజ్ఞుల చేతికి వచ్చినది. 1918లో కూనూరులో మెకారిసన్ అను వైద్యుడు బెరిబెరి వ్యాధిని పరిశోధించుటకై ఒక చిన్న విభాగమును నెలకొల్పెను. అదియే పెరిగి 1958లో హైదరాబాదునకు తరలి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ యను పేరు పొందినది. ఆ నగర పరిసరములందలి 29 గ్రామములలో 1987–90 నడుమ ఒక ప్రయత్నము జరిగినది. 15 గ్రామములలోని గర్భవతులకును ఆరేండ్లలోపు పిల్లలకును అదనపు ఆహార మందించిరి. తక్కిన 14 గ్రామములకు ఆ యేర్పాటు అప్పటికి రాలేదు. ఆ పిల్లలలో 1165 మందిని 13–18 ఏండ్ల వయస్సున పరీక్షించి, 2008లో ఫలితములను ప్రకటించిరి. ఆహారమందిన యూళ్ల పిల్లలు సుమారు 14 మిల్లీమీటర్లు పొడవుగా నుండిరి. వారి దేహములలో ఇన్సులిన్ మేలుగా పనిచేయుచుండెను. రక్తనాళముల బిరుసు తక్కువగా నుండెను. లేమిలో నున్న బిడ్డకు సకాలమున పెట్టిన యన్నము వృథాపోదని దీనివలన తేలినది.

అయితే కథకు రెండవ వైపు గలదు. మైసూరులోని హోల్డ్స్‌వర్త్ ఆసుపత్రిలో 1934 మొదలు శిశువుల బరువును పొడవును వ్రాసియుంచిరి. ఆ రిజిస్టర్లు పదిలముగా నుండుటచేత, అచ్చట పుట్టినవారిని పెద్దవయస్సున వెదకి పరీక్షింప సాధ్యమైనది. పొట్టిగా, పొడవునకు మించిన బరువుతో పుట్టినవారిలో చక్కెరవ్యాధి హెచ్చుగా కనబడెను. వారి తల్లులును బరువైనవారే. పూనాలో డాక్టరు యాజ్ఞిక్ బృందము మరియొక వింతను చూపెను: మన శిశువులు తూకమునకు తక్కువైనను, ఆంగ్లశిశువులతో పోల్చినచో వారి దేహమున కండ తక్కువ, క్రొవ్వు ఎక్కువ పాలు. ఢిల్లీలో 1969–72 నడుమ పుట్టిన 1492 మందిని గూర్చిన పరిశోధన 2004లో వెలువడినది. రెండేండ్లవరకు సన్నగా నుండి, ఆ తరువాత త్వరత్వరగా బరువెక్కినవారికే ముప్పదేండ్లు వచ్చుసరికి చక్కెర తేడా యెక్కువగా కనబడినది.

దీనికి కారణ మున్నది. మూత్రపిండములలోని వడపోత భాగములు పుట్టుకకు ముందే యేర్పడును. పిదప క్రొత్తవి పుట్టవు. తక్కువ బరువుతో పుట్టిన బిడ్డకు అవి కొలదిగా నుండును. దేహము భారీగా పెరిగినచో ఆ కొలది భాగములే బరువంతయు మోయవలెను. ఇన్సులిన్ నిచ్చు క్లోమగ్రంథి గతియు నట్టిదే. మిగులు తీపి కాలేయమున క్రొవ్వుగా పేరుకొనును. గుండెకును శ్రమ హెచ్చును.

ఇంగ్లండు చరిత్ర ఇందులకు మంచి సాక్ష్యము. యుద్ధకాలమున వచ్చిన చక్కెర రేషను అచ్చట 1953 సెప్టెంబరులో తొలగినది; వాడకము ఇంచుమించు రెట్టింపైనది. రేషను కాలమున గర్భవాసమును తొలి రెండేండ్లను గడపినవారికి పెద్దతనమున చక్కెరవ్యాధి ముప్పు సుమారు 35 శాతము, రక్తపుపోటు ముప్పు సుమారు 20 శాతము తక్కువని 2024లో వెలువడిన పరిశోధన తెలిపినది.

కావున అవ్వల మమతను తప్పుపట్ట నక్కరలేదు. కాలము మారినదని గ్రహించిన చాలును. శ్రీవిల్లిపుత్తూరు పాలకోవాయు, కోవిల్పట్టి వేరుసెనగ మిఠాయియు మనకు చేరువనే యున్నవి. అవి పండుగకు శోభయే, పాలు మరువని బిడ్డకు నిత్యాహారము కారాదు. ఆరు నెలలు తల్లిపాలే; పిదప ఇంటి గంజి, పప్పు, కూర, పండు. గర్భవతికి చక్కెర పరీక్ష తప్పరాదు. బిడ్డ బరువుతోపాటు పొడవును గూడ కొలిపించి వ్రాయించుకొనవలెను. చిక్కిన బిడ్డను మెల్లగా తేర్చవలెను గాని, బొద్దుచేయుటకు తొందరపడరాదు. ఆకలినుండి బిడ్డలను కాచిన వంశము, అతితిండినుండియు వారిని కాచుకొనుట నేటి ధర్మము.