పారామీటరు

భవనముల నమూనాలను కంప్యూటరుపై రచించువారి నోట నిత్యము వినవచ్చు ‘పారామీటరు’ అను మాట గ్రీకు భాషాజన్యము. ‘పారా’ యనగా ప్రక్కన, ‘మెట్రాన్’ అనగా కొలత, ఈ రెండవది మన ‘మానము’, ‘మాత్ర’లకు దూరపు చుట్టము. 1631లో ఫ్రెంచి గణితవేత్త క్లాడ్ మిడోర్జ్ శంకుచ్ఛేదములను గూర్చిన గ్రంథమున దీనిని ప్రయోగించెను. మన గణితపాఠ్యగ్రంథములు దానినే ‘పరామితి’ యనుచున్నవి. ఇటలీ వాస్తుశిల్పి లూయిజీ మొరెట్టి దానిని వాస్తువునకు దెచ్చి, ప్రేక్షకుని చూపుకోణము వంటి కొలతలను బట్టి రూపొందించిన క్రీడాప్రాంగణముల నమూనాలను 1960లో మిలాను నగరమున ప్రదర్శించెను.

నేడు ‘రెవిట్’ వంటి సాఫ్ట్‌వేరులో ఈ మాటకు గల ప్రయోజనము ఒక్క కిటికీని పరిశీలించినచో తేటపడును. ముందుగా ఆధారతలములను గీసి, వాని నడిమి దూరమునకు ‘వెడల్పు’ అని పేరు పెట్టి, చట్రమును ఆ తలములకు బంధింతురు; అటుపై 120 సెంటీమీటర్లను 180గా మార్చినచో, ఇరుప్రక్కల 5 సెంటీమీటర్ల చట్రము చెక్కుచెదరక, అద్దము మాత్రము 110 నుండి 170కి విస్తరించును. ఆ వెడల్పు ‘టైప్’ పారామీటరైనచో ఆ రకపు కిటికీలన్నియు నొక్కమారుగా మారును. ‘ఇన్‌స్టెన్స్’ పారామీటరైనచో ఎంచుకొన్నది యొక్కటే మారును. ఒకే నిర్మాణక్రమము గలిగి కొలతలలో భిన్నములగు ఇట్టి భాగముల సముదాయమునకు అందు ‘ఫ్యామిలీ’ అని పేరు. ఏ కొలతను స్థిరముగా నుంచవలయును, దేనిని మార్పునకు విడువవలయును అను నిర్ణయము మాత్రము రూపకర్తదే. ప్రతిదానికిని పారామీటరు తగిలించిన ఫ్యామిలీ బరువెక్కి, వాడువారికి తలనొప్పిగా పరిణమించును.