గుండెపోటు నొప్పి, ఒంటి నొప్పుల మాత్రలు: ఆసుపత్రిలో ఏం చేస్తారు, ఇంట్లో ఏం వాడొచ్చు

ఛాతీలో నొప్పి అనగానే మన ఇళ్లల్లో మొదట వినిపించే మాట ‘గ్యాస్ అయ్యుంటుంది’. ఓ గ్లాసు సోడా, ఓ ఈనో ప్యాకెట్, అప్పటికీ తగ్గకపోతే మెడికల్ షాపు నుంచి ఓ నొప్పి మాత్ర. ఇలా రెండు మూడు గంటలు గడిచిపోతాయి. గుండెపోటులో ఆ గంటలే అత్యంత విలువైనవి. ఇంకోవైపు, ఇప్పటికే గుండె జబ్బు ఉన్నవారు మోకాళ్ల నొప్పికో, పంటి నొప్పికో వాడే మాత్రలు గుండెకే చేటు తెస్తాయి. గుండెపోటు నొప్పికి చికిత్స ఎలా జరుగుతుందో, మామూలు నొప్పులకు గుండె రోగులు ఏవి వాడొచ్చో, ఏవి వాడకూడదో ఇక్కడ చూద్దాం.

గుండె నొప్పి ఎలా ఉంటుంది?

గుండెకు రక్తం తీసుకెళ్లే ధమనిలో కొవ్వు పేరుకుని, దానిపై రక్తం గడ్డ కడితే దారి మూసుకుపోతుంది. ఆ భాగంలోని కండరం నిమిషనిమిషానికీ చచ్చిపోతూ ఉంటుంది. ఇదే గుండెపోటు. నొప్పి సాధారణంగా ఛాతీ మధ్యలో బరువు పెట్టినట్టు, పిండేసినట్టు ఉంటుంది. ఎడమ చేతికి, రెండు చేతులకూ, మెడకు, దవడకు, వీపుకు పాకవచ్చు. చల్లటి చెమటలు, ఆయాసం, వాంతి, కళ్లు తిరగడం తోడవుతాయి.

షుగర్ ఉన్నవారిలో, ఆడవాళ్లలో, పెద్ద వయసువారిలో నొప్పి అసలు తెలియకపోవచ్చు. ఒక్కసారిగా నీరసం, ఆయాసం, పొట్ట పైభాగంలో మంట మాత్రమే ఉండొచ్చు. ‘అమ్మీకి కడుపులో మంటేగా’ అని తేలిగ్గా తీసుకోవద్దు. గ్యాస్ మందు తాగితే తగ్గింది కాబట్టి గుండె కాదు అనుకోవడమూ పొరపాటే. అలాగని ఛాతీ నొప్పంతా గుండెదే కాదు. వేలితో నొక్కితే ఒకేచోట నొప్పి పుట్టడం పక్కటెముకల వాపు వల్ల కావచ్చు. కానీ ఆ తేడా తేల్చాల్సింది ఇంట్లోవాళ్లు కాదు, ఈసీజీ.

అంబులెన్స్ వచ్చేలోపు

నొప్పి పదిహేను నిమిషాలు దాటినా, చెమటలు, ఆయాసం తోడైనా వెంటనే 108కి ఫోన్ చేయాలి. రోగిని నడిపించొద్దు, మెట్లు ఎక్కించొద్దు, బైక్ మీద కూర్చోబెట్టి తీసుకెళ్లొద్దు. కూర్చోబెట్టి లేదా వెనక్కి ఆనించి, బిగుతు బట్టలు వదులు చేయాలి.

ఆస్పిరిన్ పడని వారు, ఎక్కడైనా రక్తస్రావం అవుతున్నవారు, గతంలో మెదడులో రక్తస్రావమైన వారు తప్ప మిగతావారికి 300 మి.గ్రా. ఆస్పిరిన్ నమిలించడం మేలు. ఇంట్లో 75 మి.గ్రా. బిళ్లలే ఉంటే నాలుగు. మింగితే ఆలస్యంగా పనిచేస్తుంది కాబట్టి నమలాలి. నొప్పి ఒక్కసారిగా వీపును చీల్చినట్టు వస్తే మాత్రం ఆస్పిరిన్ ఇవ్వకూడదు. అది పెద్ద ధమని చీలడం కావచ్చు, అందులో రక్తం పలచబరిచే మందు ప్రమాదం. అనుమానం ఉంటే 108 సిబ్బందిని అడిగాకే ఇవ్వండి.

గట్టిగా దగ్గితే గుండెపోటు ఆగిపోతుందని వాట్సాప్‌లో తిరిగే మెసేజ్ నమ్మొద్దు. మనిషి స్పృహ తప్పి, శ్వాస ఆగితే ఛాతీ మధ్యలో రెండు చేతులతో నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5 సెంటీమీటర్ల లోతుకు నొక్కుతూ ఉండాలి. ఇది చేయడానికి డాక్టరే కానక్కర్లేదు.

ఆసుపత్రిలో మొదటి గంట

ఛాతీ నొప్పితో వచ్చిన మనిషికి 10 నిమిషాల్లోపు ఈసీజీ తీయాలన్నది అంతర్జాతీయంగా అమల్లో ఉన్న నియమం. తర్వాత ట్రోపోనిన్ అనే రక్తపరీక్ష. గుండె కండరం దెబ్బతింటే ఇది రక్తంలో పెరుగుతుంది. మొదట్లో మామూలుగా కనిపించి, కొన్ని గంటల్లో పెరగవచ్చు. అందుకే మళ్లీ తీస్తారు. ‘రిపోర్టు నార్మల్ అన్నారుగా, మళ్లీ ఎందుకు’ అని రోగిని ఇంటికి తీసుకెళ్లిపోకండి.

ఈసీజీలో ధమని పూర్తిగా మూసుకుపోయినట్టు తేలితే దారులు రెండు. మొదటిది యాంజియోప్లాస్టీ. చేతి లేదా తొడ రక్తనాళం గుండా సన్నని గొట్టం పంపి, బెలూన్‌తో దారి తెరిచి, స్టెంట్ పెడతారు. ఆ సౌకర్యం ఉన్న ఆసుపత్రికి చేరాక 90 నిమిషాల్లోపు, వేరే ఆసుపత్రికి మార్చాల్సి వస్తే 120 నిమిషాల్లోపు ధమని తెరవాలన్నది లక్ష్యం. రెండోది, అంత సమయంలో అక్కడికి చేరలేని ఊళ్లలో గడ్డ కరిగించే ఇంజెక్షన్. టెనెక్టెప్లేజ్, స్ట్రెప్టోకైనేజ్ అలాంటివే. నొప్పి మొదలైన 12 గంటల్లోపు ఇవ్వొచ్చు గానీ, మొదటి రెండు మూడు గంటల్లో ఇస్తేనే ఎక్కువ ఫలితం. ఇంజెక్షన్ పనిచేసినా యాంజియోగ్రామ్ అవసరం తీరదు. సాధారణంగా 2 నుంచి 24 గంటల్లో చేస్తారు.

ఈ చికిత్సకు పునాది వేసిన వాటిలో ఐసిస్-2 అధ్యయనం ఒకటి. 1988లో అచ్చయిన ఈ అధ్యయనంలో 17,187 మంది గుండెపోటు రోగులు పాల్గొన్నారు. గుండె, రక్తనాళాల కారణంగా ఐదు వారాల్లో సంభవించే మరణాలు ఆస్పిరిన్‌తో 23 శాతం, స్ట్రెప్టోకైనేజ్‌తో 25 శాతం, రెండూ కలిపితే 42 శాతం తగ్గాయి. కొన్ని పైసలు, రూపాయల్లో దొరికే ఆస్పిరిన్ ఈనాటికీ మొదటి మందుగా ఉండటానికి కారణం ఇదే.

నొప్పి తగ్గించడానికి ఏమిస్తారు?

గుండెపోటు నొప్పికి అసలైన మందు మూసుకుపోయిన ధమనిని తెరవడమే. రక్తం మళ్లీ పారితే నొప్పి దానంతట అదే తగ్గుతుంది. ఆలోపు కొన్ని మందులు ఇస్తారు.

నాలుక కింద పెట్టే సార్బిట్రేట్ లాంటి నైట్రేట్ బిళ్లలు రక్తనాళాలను వెడల్పు చేస్తాయి. బీపీ ఒక్కసారిగా పడిపోతుంది కాబట్టి కూర్చుని వాడాలి. వయాగ్రా లాంటి మాత్ర వాడిన 24 గంటల్లోపు, టడలాఫిల్ వాడితే 48 గంటల్లోపు నైట్రేట్ ఇవ్వకూడదు. బీపీ ప్రాణాంతకంగా పడిపోవచ్చు. సిగ్గుపడి ఈ సంగతి డాక్టరుకు చెప్పకపోవడం వల్ల ప్రాణం మీదికి వస్తుంది. భార్యాపిల్లల ముందు చెప్పలేకపోతే డాక్టరుతో ఏకాంతంగా చెప్పమని అడగొచ్చు.

నొప్పి భరించలేనప్పుడు మార్ఫిన్ ఇంజెక్షన్ ఇస్తారు. అయితే ఇది పేగుల కదలికను నెమ్మది చేసి, నోటి ద్వారా ఇచ్చిన గడ్డ కట్టనివ్వని మందులు ఒంటికి పట్టడాన్ని ఆలస్యం చేస్తుందని తేలింది. కాబట్టి ఇప్పుడు అందరికీ కాక, అవసరమైనవారికే, తక్కువ మోతాదులో ఇస్తున్నారు. ఆక్సిజన్ సంగతీ అంతే. 2017లో స్వీడన్‌లో 6,629 మందిపై జరిగిన అధ్యయనంలో, రక్తంలో ఆక్సిజన్ 90 శాతం, ఆపైన ఉన్నవారికి మాస్క్ పెట్టినా అదనపు మేలు కనిపించలేదు. ‘మావాడికి ఆక్సిజన్ పెట్టలేదు’ అని సిబ్బందితో గొడవపడే ముందు ఇది గుర్తుంచుకోవాలి.

గుండె రోగికి మోకాళ్ల నొప్పి వస్తే?

ఇబుప్రోఫెన్, డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, నిమెసులైడ్, ఎటోరికాక్సిబ్, కెటోరోలాక్. ఇవన్నీ ఒకే కుటుంబానికి చెందిన నొప్పి మాత్రలు. ఒంట్లో ఉప్పు, నీరు నిలిచేలా చేస్తాయి. బీపీ పెంచుతాయి. బీపీ మందుల, నీరు తీసే మందుల పనిని తగ్గిస్తాయి. కిడ్నీలను దెబ్బతీస్తాయి. ఇదే కోవకు చెందిన రోఫెకాక్సిబ్ మాత్ర గుండెపోట్లను పెంచుతోందని తేలడంతో తయారీదారు 2004 సెప్టెంబరులో ప్రపంచమంతటా వెనక్కి తీసుకున్నాడు. గుండె ధమనుల జబ్బు, గుండె వైఫల్యం ఉన్నవారికి డైక్లోఫెనాక్ ఇవ్వొద్దని 2013లో యూరప్ ఔషధ సంస్థ చెప్పింది. వాడకం మొదలైన తొలి వారాల్లోనే ముప్పు పెరగొచ్చని 2015లో అమెరికా ఎఫ్‌డీఏ హెచ్చరించింది. ఇబుప్రోఫెన్‌కు ఇంకో ఇబ్బంది కూడా ఉంది. గుండె కోసం రోజూ వేసుకునే ఆస్పిరిన్‌ను అది పనిచేయనివ్వకపోవచ్చు.

గుండె రోగులకు నొప్పి, జ్వరానికి మొదటి ఎంపిక పారాసెటమాల్. పెద్దవారికి 24 గంటల్లో 4 గ్రాములు దాటకూడదు. కాలేయ జబ్బు ఉంటే, బరువు బాగా తక్కువైతే ఇంకా తగ్గించాలి. ఇది కూడా పూర్తి నిరపాయం కాదు. బీపీ ఉన్నవారు రోజుకు 4 గ్రాముల చొప్పున వాడితే బీపీ పెరుగుతుందని 2022లో ఎడిన్‌బరో పరిశోధకులు చూపారు. వార్ఫరిన్ వాడేవారు రోజూ పారాసెటమాల్ వేసుకుంటే రక్తం మరీ పలచబడొచ్చు. నీళ్లలో బుసబుసమంటూ కరిగే బిళ్లల్లో సోడియం ఎక్కువ, గుండె వైఫల్యం ఉన్నవారికి పనికిరావు.

షాపులో పారాసెటమాల్ అడిగితే, ‘ఇది ఇంకా స్ట్రాంగ్’ అని ఎసిక్లోఫెనాక్ కలిసిన మాత్ర చేతిలో పెడతారు. స్ట్రిప్ మీద పేర్లన్నీ చదవండి. నడుము, మోకాళ్లకు ముందు కాపడం, వ్యాయామం, పూత మందు ప్రయత్నించండి. అయినా తగ్గకపోతే డాక్టరు చెప్పిన మాత్ర, చెప్పినన్ని రోజులే. మాత్ర మొదలయ్యాక కాళ్లు వాచినా, రెండు మూడు రోజుల్లో రెండు కిలోల బరువు పెరిగినా వెంటనే డాక్టరుకు చెప్పాలి.

స్టెంట్ వేసుకున్నవారు పన్ను పీకించుకోవడానికో, హిజామా కోసమో క్లోపిడోగ్రెల్, టికాగ్రెలార్ లాంటి మందులను సొంతంగా ఆపకూడదు. స్టెంట్‌లో గడ్డ కడితే అది మళ్లీ గుండెపోటే. ఆ మందులు వాడుతూ గాట్లు పెట్టించుకుంటే రక్తం త్వరగా ఆగదు. గుండె డాక్టరును అడగకుండా హిజామా వద్దు.

మందులో పంది పదార్థం ఉంటే?

ఈ ప్రశ్న ఆసుపత్రిలో చాలా కుటుంబాలను వేధిస్తుంది. గుండెపోటులో ఇచ్చే హెపారిన్, ఎనాక్సాపారిన్ ఇంజెక్షన్లు ఎక్కువగా పంది పేగుల నుంచే తయారవుతాయి. ఫోండాపారినక్స్ అనే ఇంజెక్షన్ పూర్తిగా రసాయనికంగా తయారయ్యేది. కొందరు రోగులకు అది సరిపోతుంది, యాంజియోప్లాస్టీ సమయంలో మాత్రం అదొక్కటే చాలదు. కావాలంటే డాక్టరును అడగొచ్చు. కానీ దాని కోసం చికిత్స ఆపకూడదు. ప్రాణాపాయంలో, సమానమైన ప్రత్యామ్నాయం లేనప్పుడు జరూరత్ సూత్రం ప్రకారం ఇలాంటి మందు తీసుకోవచ్చన్నది ఉలమాలు సాధారణంగా చెప్పేమాట. నొప్పి కోసం డాక్టరు ఇచ్చే మార్ఫిన్‌ను నషాతో సమానం చేయడమూ తగదు.

రంజాన్‌లో

ఇటీవల గుండెపోటు వచ్చినవారు, కొత్తగా ఆపరేషన్ అయినవారు, నడిస్తే ఛాతీ నొప్పి తరచూ వచ్చేవారు, గుండె వైఫల్యం తీవ్రంగా ఉన్నవారు రోజా ఉండొద్దని డాక్టర్లు సలహా ఇస్తారు. రోగికి షరీఅత్‌లో మినహాయింపు ఉంది. కోలుకున్నాక ఖజా, కోలుకునే ఆశ లేనివారికి ఫిద్యా. జబ్బు అదుపులో ఉన్నవారు నెల ముందే డాక్టరును కలిసి, మందులను సహరీ, ఇఫ్తార్ వేళలకు మార్పించుకోవాలి. మూడు పూటలవి రెండు పూటలు చేయడం సొంత తెలివితో చేసే పని కాదు.

1997లో జిద్దాలో జరిగిన అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్ అకాడమీ సమావేశం, గుండె నొప్పికి నాలుక కింద పెట్టే బిళ్ల, గొంతులోకి చేరినదాన్ని మింగకపోతే, రోజాను భంగం చేయదని తీర్మానించింది. దీనిని ఒప్పుకోని ఆలిములూ ఉన్నారు. మీ మస్లక్ ప్రకారం ముందుగానే అడిగి తెలుసుకోండి. నొప్పి వచ్చిన క్షణంలో మాత్రం ఆ చర్చ వద్దు. బిళ్ల పెట్టండి, అవసరమైతే రోజా విడవండి, 108కి ఫోన్ చేయండి.

గల్ఫ్‌లో ఉన్నవారికి

అంబులెన్స్ నంబరు సౌదీలో 997, యూఏఈలో 998, ఖతర్‌లో 999, కువైట్‌లో 112. గదిలో అందరికీ కనిపించేలా రాసి పెట్టుకోవాలి. ఊరి నుంచి వెళ్లేటప్పుడు ట్రమడాల్, కోడీన్ ఉన్న నొప్పి మందులు సంచిలో పెట్టుకోవద్దు. అక్కడ అవి నియంత్రిత మందులు. చీటీ, ముందస్తు అనుమతి లేకపోతే కేసు అవుతుంది. పక్కింటివారు తమ కొడుక్కిమ్మని ఇచ్చే మందుల పొట్లం విషయంలో ఇంకా జాగ్రత్త.

ఖర్చు, కాగితాలు

తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో 10 లక్షల రూపాయలకు పెంచారు. ఆంధ్రప్రదేశ్‌లో ఇది ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో నడుస్తోంది. స్టెంట్ల ధరలకు కేంద్రం 2017 ఫిబ్రవరి నుంచి గరిష్ఠ పరిమితి పెట్టింది. బిల్లులో స్టెంట్ పేరు, ధర విడిగా చూపమని అడిగే హక్కు రోగికి ఉంది. గడ్డ కరిగించే ఇంజెక్షన్‌ను కొన్ని ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా ఇస్తున్నారు. మీకు దగ్గర్లో అది ఎక్కడ దొరుకుతుందో, రాత్రిపూట యాంజియోప్లాస్టీ ఎక్కడ చేస్తారో ఆరోగ్యంగా ఉన్నప్పుడే కనుక్కోండి.

ఇంట్లో గుండె రోగి ఉంటే ఒక కాగితం రాసి బీరువా తలుపు లోపల అతికించండి: వాడుతున్న మందులు, పడని మందులు, స్టెంట్ వేసిన తేదీ, పాత ఈసీజీ ఎక్కడుందో, డాక్టరు ఫోన్ నంబరు, ఆరోగ్య కార్డు నంబరు. నొప్పి వచ్చినప్పుడు ఇంట్లో పెద్దవాళ్లు లేకున్నా, పదో తరగతి చదివే పిల్లవాడు కూడా ఆ కాగితం తీసుకుని అంబులెన్స్ ఎక్కగలగాలి.