ఫ్రీడ్రైక్ వ్యాధి: నడక వెనుక దాగిన గుండె జబ్బు

1863లో జర్మనీలోని హైడెల్‌బర్గ్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు నికొలాస్ ఫ్రీడ్రైక్ ఒక కొత్త వ్యాధిని వర్ణిస్తూ వ్యాసాలు ప్రకటించడం ప్రారంభించాడు. యౌవనపు తొలినాళ్లలో నడక తడబడుతుంది. ఆ తడబాటు కాళ్ల నుంచి చేతులకు, ఆపై మాటకు పాకుతుంది. పాదం విల్లులా వంగుతుంది, వెన్నెముక పక్కకు ఒరుగుతుంది. ఒకే తల్లి కడుపున పుట్టిన పిల్లలలో ఇద్దరికో ముగ్గురికో ఇది కనబడేది. అటువంటి నడకను చూడగానే ఆనాటి వైద్యులకు స్ఫురించేది టేబిస్ అనే వెన్నుపాము జబ్బు. ఇది దానికంటే వేరని ఫ్రీడ్రైక్ వాదించాడు. పారిస్‌లోని షార్కో అంతటి దిగ్గజం చాలాకాలం ఒప్పుకోలేదు. చివరకు 1882లో ఫ్రాన్స్‌లోని మోంపెల్యేలో బ్రూస్ అనే వైద్యుడు తన సిద్ధాంత వ్యాసంలో దీనికి ఫ్రీడ్రైక్ పేరు పెట్టాడు. ఫ్రీడ్రైక్ కన్నుమూసినదీ ఆ ఏడాదే.

ఈ చరిత్రలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది వేరొక అంశం. ఫ్రీడ్రైక్ నాడీవ్యాధులకే పరిమితమైన వైద్యుడు కాడు. గుండె జబ్బులపై గ్రంథం రాసినవాడు. గుండె పైపొర బిగుసుకుపోయిన రోగులలో మెడ సిరలు ఒక్కసారిగా కుంగడాన్ని నేటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు. అటువంటివాడు తన రోగుల శవపరీక్షలలో గుండె కండరం చెడి ఉండడాన్ని చూశాడు, రాసిపెట్టాడు. అయితే వారిలో కొందరు టైఫాయిడ్‌తో మరణించారు. ఆ జ్వరం గుండె కండరాన్ని దెబ్బతీస్తుందని అప్పటి వైద్యులు ఎరిగినదే. కనుక ఆ మార్పులను ఆయన టైఫాయిడ్ ఖాతాలో వేశాడు. ఆనాటి పరిజ్ఞానంతో చూస్తే అది అసంగతమైన ఊహ కాదు. కానీ దానివల్ల గుండె ఈ వ్యాధి వర్ణనకు వెలుపలే ఉండిపోయింది.

ఆ తరువాత అప్పుడొకటి అప్పుడొకటిగా నివేదికలు వచ్చాయి. 1887లో లండన్‌లోని గైస్ ఆసుపత్రి నివేదికలలో పిట్ ఒక రోగి గుండెను వర్ణించాడు. 1946లో రోగ నిర్ధారణ శాస్త్రవేత్త డొరొతీ రసెల్ ఈ వ్యాధిలో గుండె కండరపు వాపును గురించి ప్రత్యేకంగా వ్యాసం రాసింది. అయినా పాఠ్యపుస్తకాలలో గుండెకు దక్కిన చోటు స్వల్పమే. మా విద్యార్థి దశలో ఈ వ్యాధి పరీక్షల ప్రశ్నగానే ప్రసిద్ధి: సుత్తితో కొడితే మోకాలు కదలదు, అరికాలు గీస్తే మాత్రం బొటనవేలు పైకి లేస్తుంది, ఈ రెండూ ఒకే రోగిలో కనిపించే జబ్బులేవి? జవాబులో గుండె ప్రస్తావన వస్తే చివరి వాక్యంలో వచ్చేది.

నిజానికి ఈ రోగులలో అత్యధికుల ఈసీజీలో మార్పులు ఉంటాయి. ఎకో పరీక్షలో గుండె గోడలు మందంగా కనిపిస్తాయి. ఏళ్లు గడిచేకొద్దీ చచ్చిన కండర కణాల స్థానంలో నారపోగులు చేరి, గుండె నెత్తురు తోడే శక్తి తగ్గవచ్చు, లయ తప్పవచ్చు. 2011లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో 61 మంది మరణాలను పరిశీలించగా 59 శాతం మందిలో కారణం గుండె. మరి ఇన్నాళ్లూ ఎందుకు కంటపడలేదు? గుండె నీరసించినవాడు మెట్లెక్కితే ఆయాసపడతాడు. చక్రాల కుర్చీలో ఉన్నవాడికి మెట్లెక్కే అవసరమే రాదు. పైగా రోగిని తీసుకువెళ్లేది నాడీవ్యాధి నిపుణుడి దగ్గరకు.

కారణం తెలియడానికి కెనడా, ఐరోపా పరిశోధకులు శ్రమించారు. 1980లో కెనడాలోని క్విబెక్ వైద్యులు లామార్ష్ బృందం ముగ్గురు రోగుల గుండె కండర కణాలలో ఇనుప రేణువులను చూశారు. 1981లో ఇంగ్లండులో అనిటా హార్డింగ్ 90 కుటుంబాలను పరిశీలించి నిర్ధారణకు ప్రమాణాలు ఏర్పరిచింది. 1988లో జన్యువు తొమ్మిదో క్రోమోజోముపై ఉందని తెలిసింది. 1996లో ఆ జన్యువే దొరికింది. అందులో జీఏఏ అనే మూడక్షరాల వరుస ఆరోగ్యవంతులలో నలభైకి లోపుగా పునరావృతమైతే, రోగులలో సాధారణంగా వందల సార్లు పునరావృతమవుతుంది. దానివల్ల ఫ్రటాక్సిన్ అనే ప్రొటీను తక్కువగా తయారవుతుంది. మైటోకాండ్రియాలో ఇనుము, గంధకం కలిసిన కీలక భాగాలు కూర్చబడడానికి ఈ ప్రొటీను కావాలి. 1997లో పారిస్‌లో ఆగ్నెస్ రోటిగ్ బృందం రోగుల గుండె నుంచి తీసిన చిన్న ముక్కలలోనే ఈ లోపాన్ని చూపింది. క్విబెక్ వారు చూసిన ఇనుప రేణువులకు అర్థం దొరికింది. క్షణం విశ్రాంతి లేని గుండెకు శక్తి కొరత ఏర్పడితే ఏమవుతుందో చెప్పనక్కరలేదు.

వరుస ఎంత పొడవైతే వ్యాధి అంత చిన్న వయసులో వస్తుంది, గుండె గోడలు అంత ఎక్కువగా మందమవుతాయి. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, లోపమున్న రెండు ప్రతులూ చేరితేనే వ్యాధి. ఇద్దరూ వాహకులైతే ప్రతి కాన్పులో నాలుగింట ఒక వంతు అవకాశం. తూర్పు ఆసియాలో ఇది దాదాపు కనబడదు, భారతదేశంలో ఉంది. మేనరికాలు, మేనమామ పెళ్లిళ్లు ఆచారంగా ఉన్న మన తెలుగు కుటుంబాలలో ఒకే తాత నుంచి ఆ రెండు ప్రతులూ రావచ్చు. ఇంట్లో ఒక బిడ్డకు నిర్ధారణ అయితే తోబుట్టువులను కూడా చూపించాలి. రోగికి నడక ఎలా ఉన్నా, ఆయాసం లేకపోయినా, ఏడాదికొకసారి ఈసీజీ, ఎకో చేయించాలి. మధుమేహం కూడా కొందరికి తోడవుతుంది గనుక చక్కెర పరీక్ష మరవకూడదు.

మందుల విషయానికి వస్తే, 1999లో ఐడెబెనోన్ అనే మందు ముగ్గురు రోగులలో ఆశ రేపింది. కెనడా 2008లో షరతులతో అనుమతించి, 2013లో విరమించింది. 2023 ఫిబ్రవరిలో అమెరికా ఒమావెలాక్సోలోన్‌ను 16 ఏళ్లు, ఆపై వయసువారికి అనుమతించింది. ఈ వ్యాధికంటూ అక్కడ ఆమోదం పొందిన మొదటి మందు అదే. అయితే తీవ్రమైన గుండె జబ్బు ఉన్నవారిని దాని పరీక్షలలో చేర్చుకోలేదు. గుండె వైఫల్య లక్షణాలను గమనిస్తుండాలని మందు పత్రంలోనే హెచ్చరిక ఉంది. ఎక్కువమందిని బలిగొనే అవయవం మరోసారి వెలుపలే మిగిలిందని నాకు అనిపిస్తుంది. గుండెకే నేరుగా గురిపెట్టిన ప్రయత్నం వేరొకటి ఉంది. 2014లో ఫ్రాన్స్ పరిశోధకులు హానిలేని వైరస్ ద్వారా ఫ్రటాక్సిన్ జన్యువును ఎలుకలకు అందించి, అప్పటికే చెడిన వాటి గుండెలను కోలుకునేలా చేశారు. ఆ పద్ధతిని ఇప్పుడు కొద్దిమంది మనుషులలో పరీక్షిస్తున్నారు.