కొరిశపాడు రోడ్డు మీద విమానం

2022 డిసెంబరు 29న అప్పటి బాపట్ల జిల్లా కొరిశపాడు దగ్గర, రోడ్డు మీద విమానాలు దించే పరీక్ష కోసం ఎన్‌హెచ్‌-16 మీద ట్రాఫిక్ ఆపేశారు. సుఖోయ్‌-30, తేజస్, ఏఎన్‌-32, డోర్నియర్ కిందికి వచ్చినట్టే వచ్చి, నేల తాకకుండా లేచిపోయాయి. చక్రాలు రోడ్డుకు ఆనింది 2024 మార్చి 18న. మన దేశంలో ఈ ముచ్చటకు మొదలు, 2015 మేలో యమునా ఎక్స్‌ప్రెస్‌వే మీద దిగిన మిరాజ్‌-2000.

ఫ్లయింగ్ నేర్చుకుంటున్న మా తెనాలి కుర్రాడొకడు, "ఇంజిన్ ఆగితే హైవే ఉందిగా మాస్టారూ" అన్నాడు. అన్ని రోడ్లూ కొరిశపాడు రోడ్డు కావురా అబ్బాయ్! ఆ ముక్క 4.1 కిలోమీటర్ల పొడవు, 33 మీటర్ల వెడల్పుతో విమానాలు కూడా దిగేలా వేసింది. మిగతా చోట్ల రోడ్డుకు అడ్డంగా కరెంటు తీగలుంటాయి. పైనుంచి తీగ కనబడదు, స్తంభాలే కనబడతాయి. వాటిని చూసే తీగను ఊహించాలి. రేపల్లె వైపు వరిమళ్లు చదునుగా ఊరిస్తాయి. తడిమడిలో ముందు చక్రం దిగబడితే విమానం తలకిందులు కావచ్చు. కోత అయిన ఎండుచేను నయం.

ఇంకో జాగ్రత్త: సూర్యలంకలో వాయుసేన క్షిపణులు పేల్చే రోజుల్లో ఆ గగనతలం వైపు పోకూడదు. ఆనాటి నోటామ్ (పైలట్లకిచ్చే హెచ్చరిక) చదవకుండా ఇంజిన్ స్టార్ట్ చెయ్యకండి.