కట్టె ఇళ్ల మహల్లా

పక్కా ఇల్లంటే సిమెంటు ఇల్లే అనుకుంటూ పెరిగాం మనం. అందుకే ఉస్మానీ ఖలీఫాల దారుల్ ఖిలాఫత్ చాలావరకు కట్టె ఇళ్ల ఊరని చెబితే నమ్మడం కష్టం. ఇస్తాంబుల్‌లో సులేమానియా మస్జిద్ రాతిది. దాని చుట్టూ ఉన్న మహల్లాలు మాత్రం కట్టెవి. గరీబీ ఒక్కటే కారణం కాదు, పాషాల హవేలీలూ కట్టెతోనే లేచాయి.

కారణాల్లో ఒకటి జల్‌జలా. 1509 సెప్టెంబరులో వచ్చిన భూకంపాన్ని ఉస్మానీలు 'ఖయామతె సుగ్రా' అన్నారు, అంటే చిన్న ఖయామత్. రాతి గోడ కూలితే మనిషి మిగలడు. కట్టె ఇల్లు భూమితో పాటు ఊగుతుంది. పైగా చవక, త్వరగా లేస్తుంది. ఇజ్మిత్ వైపు అడవుల నుంచి దూలాలు సముద్రం మీదే వచ్చేవి.

తుర్కులు మహల్లాని 'మహల్లె' అంటారు. ఒక మస్జిద్, ఒక చష్మా (వాళ్ల భాషలో వీధి కుళాయి), పిల్లల మక్తబ్, వీటిని చుట్టుకుని కొన్ని పదుల ఇళ్లు. 1829లో ఇస్తాంబుల్‌లో ముఖ్తార్ పదవి వచ్చేదాకా మహల్లాకి పెద్ద ఇమాం సాబే. గోడ లోపల అంజీర్, తూత్, ద్రాక్ష పందిరి ఎవరివి వాళ్లవి. గోడ బయటి పచ్చదనం అందరిదీ: మస్జిద్ సహన్‌లో చినార్ నీడ, పక్కనే 'హజీరా' అనే చిన్న ఖబ్రస్తాన్, అందులో నిటారుగా సర్వ్ చెట్లు. మన ఉర్దూ షాయిరీలో తప్ప చూడని చెట్లు అక్కడ గల్లీ చెట్లు! పార్కు అనే మాట ఆ ఊరికి రాకముందే జనం కూర్చునే చోట్లు అవి.

వీటి ఖర్చు చాలాచోట్ల 'అవారిజ్ వక్ఫ్' చూసుకునేది. మహల్లా వాళ్లే తలా కొంత వేసి పెట్టుకున్న వక్ఫ్ అది. అత్యవసర పన్ను పడితే కట్టలేని వాళ్ల వాటా, చష్మా మరమ్మతు, బీమార్ పడ్డవాడి ఇల్లు గడవడం, అన్నీ అందులోంచే. నా లెక్కలో ఆ మహల్లాలని నిలబెట్టింది దూలాల కన్నా ఈ వక్ఫే.

పక్కింటి గాలిని ఆపేలా గోడ లేపకూడదని ఉస్మానీ చట్టమే ఉండేదని మనవాళ్లు చాలామంది రాస్తుంటారు. హనఫీ ఫిఖ్హ్ ఆధారంగా 1869-76 మధ్య కూర్చిన 'మజల్లా' తెరిస్తే కథ వేరు. గాలి ఆగడం, దృశ్యం మూసుకుపోవడం పెద్ద నష్టం కాదంటుంది 1201వ దఫా. వెలుతురు పూర్తిగా పోతేనే నష్టం. ఆడవాళ్లు మసిలే వంటిల్లు, బావి గట్టు, వాకిలి పక్కింటి కిటికీలోంచి కనబడితే మాత్రం ఆ కిటికీకి అడ్డు కట్టాల్సిందే (1202). మూసుకుపోయే సందు గల్లీ ఆ ఇళ్లవాళ్ల ముష్తర్కా మిల్కియత్. సందులో ఇల్లు అమ్మితే గల్లీ పంచుకున్నవాడికి షుఫా హక్కు. మన పెద్దలు ఆస్తి తగాదాల్లో వాడిన షుఫా ఇదే. గాలి, దృశ్యం మాత్రం హమ్‌సాయా లిహాజ్ మీదే నడిచాయి.

ఇక నిప్పు. కట్టె ఊరికి అదే అసలు దుష్మన్. 1660 అగ్నిప్రమాదం ఊరిలో చాలా భాగాన్ని మింగేసింది. కాలిన ప్రతిసారీ మళ్లీ అడవే కరిగేది. కట్టె ఇల్లంటేనే ప్రకృతికి మేలని ఇవాళ మురిసిపోయేవాళ్లు ఇది మరవకూడదు. 1720లో గెర్చెక్ దావూద్ అనే నవముస్లిం ఫ్రెంచివాడు నీటి పంపుల దళం పెట్టించాడు. 1839 నుంచి సర్కారు సందు గల్లీలని, కట్టె కట్టడాలని వద్దంది. కాలిన చోటల్లా తిన్నని రోడ్లు గీసింది. నిప్పు భయం నిజమే. కానీ సందు గల్లీ పోయిన చోట దాని మీది ముష్తర్కా హక్కూ పోయింది.

తర్వాత కాంక్రీటు వచ్చింది. 1999 ఆగస్టు 17న మర్మరా జల్‌జలాలో అధికారిక లెక్కల్లోనే 17 వేల మందికి పైగా షహీదయ్యారు. గోల్జుక్‌లోని ఒక ప్రాంతాన్ని పరిశోధకులు లెక్కించారు. 814 కాంక్రీటు భవనాల్లో 60 కూలడమో బాగా దెబ్బతినడమో జరిగింది. 789 పాతకాలపు ఇళ్లలో నాలుగే. కాంక్రీటు కింద 287 మంది పోతే, పాత ఇళ్లలో ముగ్గురు. కాంక్రీటువి నాలుగు నుంచి ఏడు అంతస్తులు, పాతవి రెండు మూడు, ఆ తేడా ఒప్పుకోవాలి. అయినా 'హిమిష్' అనే ఆ కట్టుబడిలో హిక్మత్ ఉంది. కట్టె చట్రం, మధ్యలో ఇటుకో మట్టో. ఊగినప్పుడు ఆ పూరకం బీటలు వారుతూ దెబ్బని మింగుతుంది, చట్రం నిలుస్తుంది.

ఆ ఇళ్లు చూడాలంటే సఫ్రాన్‌బోలు వెళ్లాలి. పేరులోనే జాఫ్రాన్ ఉంది. 1994లో యునెస్కో జాబితాలో చేరింది. చలికాలం లోయలోని ఇంట్లో, ఎండాకాలం 'బాగ్‌లర్' అనే తోటల మహల్లాలో, ఒకే ఖాందాన్‌కి రెండు కాపురాలు. ఇప్పుడు వాటిలో చాలా ఇళ్లు హోటళ్లు. ఇస్తాంబుల్‌లో జైరెక్, సులేమానియా మహల్లాలకి 1985లోనే ఆ గౌరవం దక్కింది. అక్కడ మాత్రం రిపేరు చేసే దిక్కులేక వంగిపోయిన ఇళ్లు ఇంకా కనిపిస్తాయి.